నాలుగో నంబరు ఆటగాడి పేరు

మా అబ్బాయి లోర్కాన్ వంటింటి బల్ల దగ్గర పేర్లు చదువుకుంటున్నాడంటే ఆ వారం మా ఊళ్ళో మ్యాచ్ ఉన్నట్టు. నేను సింకు దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తుంటాను. వాడు అవతలి జట్టు జాబితా ముందు పెట్టుకుని ఒక్కో ఇంటిపేరూ మెల్లగా, చీకట్లో మెట్లు దిగినట్టు, తడుముకుంటూ మొదలుపెడతాడు. తరవాత వేగం పెంచుతాడు. ఆ తరవాత గొంతు పెంచుతాడు. కిటికీ అద్దాల మీద వాన కొడుతుంటే, ఆ ఇరుకు వంటింట్లో మూడు వేల మంది కూర్చుని ఉన్నట్టు “ష్చిగెల్‌స్కి” అంటాడు. నా చేతిలో కత్తి ఆగిపోతుంది.

వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. స్టేషన్ పక్క ఇనుప సామాన్ల కొట్టు వెనక గోదాంలో పని. మేకులు తూచడం, సిమెంటు బస్తాలు వ్యానుకెత్తడం. ఆరింటికి రావలసినవాడు ఆరుంపావుకి రాకపోతే బస్తాలు మీద కూలాయనే అనుకుంటాను నేను. పెళ్ళి కాలేదు. రోజు మొత్తం మీద ఇంట్లో పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది ఎవరెవరివో ఇంటిపేర్లు. మిగిలిన రెండూ “ఉప్పు ఇటివ్వు”.

మా కిల్‌బ్రాక్ టౌన్ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బేం కాదు. డబ్లిన్‌లో చాలామందికి మా ఊరు ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. కింది డివిజన్‌లో ఎప్పుడూ అడుగునుంచి రెండోదో మూడోదో. ఒక్క విషయంలో మాత్రం మాకు మంచిపేరుంది. మా మైదానంలో ఏ ఆటగాడి ఇంటిపేరూ తప్పు పలకరు. అది మైకులో జట్లు చదివే పాకీ ఫీనీ పెట్టిన పద్ధతి. మ్యాచ్ రోజు పంచే జట్ల కాగితంలో అచ్చయిన అక్షరాలని ఆయన నమ్మడు. మ్యాచ్‌కి గంట ముందు అవతలి జట్టు డ్రెస్సింగ్ రూమ్ తలుపు తట్టి, కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ, “ఇంట్లో మీ అమ్మ ఈ పేరు ఎలా అంటుంది నాయనా?” అని అడిగేవాడు. పోలాండ్ వాడైనా, నైజీరియా వాడైనా, డొనెగాల్ నుంచి వచ్చి మన ఐరిష్ భాషలోనే ఇంటిపేరు రాసుకున్న వాడైనా అదే ప్రశ్న. ఆయన మోకాళ్ళు పాడయ్యాక ఆరేళ్ళుగా ఆ తలుపు తట్టే పని మా లోర్కాన్‌ది. తనకి మాత్రమే తెలిసిన గుర్తులతో అట్టముక్క మీద రాసి తెస్తాడు. పక్కన నిలబడి ఒక్కోటీ చెబితే పాకీ అందుకుని చదివేవాడు.

నేను మైదానంలో టీ గది చూసుకునేదాన్ని. పెద్ద గిన్నెడు నీళ్ళు, నలభై కప్పులు, బయటికి ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గర ఇంకో ఆచారం ఉంది. మా ఆయన మ్యాటీ, పాకీ కలిసి ముప్ఫై ఏళ్ళ కిందట మొదలుపెట్టారు. టీ తాగిన ప్రతివాళ్ళూ ఒక చీటీ మీద, ఆ రోజు ఆడినవాళ్ళలో ఏనాటికైనా ఐర్లండ్ జట్టుని నడిపే మేనేజర్ కాగల మనిషి ఎవరో రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఏ జట్టువాడైనా ఫరవాలేదు. గోల్ కొట్టినవాడి పేరు రాస్తే మిగతావాళ్ళు ఏడిపించి చంపుతారు. మ్యాటీ కొలత ఒకటే. జట్టు గోల్ తిన్నాక అందరూ తలలు దించుకుని వెళ్తుంటే, గోల్‌కీపర్ దగ్గరికి ఎవడు నడిచి వెళ్తాడో వాడు. ఏడాది చివరి మ్యాచ్‌లో సగం ఆట అయ్యాక ఎక్కువ చీట్లు వచ్చినవాడి పేరు మైకులో చదువుతారు. మాంసం కొట్టువాడు ఒక పంది తొడ ఇస్తాడు. ఇప్పటిదాకా ఎన్నుకున్నవాళ్ళలో ఒక్కడూ మేనేజర్ కాలేదు. ఒకడు బ్రెడ్డు వ్యాను నడుపుతున్నాడు. ఒకడు బడిలో లెక్కలు చెబుతున్నాడు. ఇద్దరు పోయారు కూడా.

నేను చెబుతున్న ఏడాది అసలు మేనేజర్ కుర్చీ కూడా ఖాళీగానే ఉంది. ఉన్న మేనేజర్‌ని వేసవిలో పంపేశారు. రేడియో పెడితే అదే గొడవ.

“ఇవాళ్టితో పదమూడు పేర్లయ్యాయి,” అన్నాడొక శనివారం జెర్రీ టాన్సీ. మా క్లబ్బు అధ్యక్షుడు, ఊళ్ళో చెప్పుల కొట్టు అతనిది. “ఎవడో స్వీడన్ వాడట.”

“మన వానలో నిలబడ్డం వచ్చా అని అడిగారా వాణ్ణి?” అన్నాడు పాకీ.

“నీకెలాగూ ఖాళీయేగా. నువ్వే పోరాదూ.”

“పిలిస్తే వెళ్తాను. వెళ్తూ అట్రాక్టాని వెంట తీసుకెళ్తాను. ఏ మ్యాచైనా మనం ఓడిపోతామని ముందే చెప్పేస్తుంది. జనం నిబ్బరంగా ఉంటారు.”

అట్రాక్టా అంటే నేనే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరి ఆ రోజు మేము ఓడిపోయాం కూడా.

ఆ ఏడాది డబ్బా నిండా ఒకటే పేరు. అకింగ్బాడే. డబ్లిన్ నుంచి వచ్చే జట్టు కెప్టెన్, నాలుగో నంబరు, పొడుగ్గా తాటిచెట్టంత మనిషి. ఏప్రిల్‌లో మా మైదానంలో ఆడినప్పుడు వాళ్ళ కొత్త గోల్‌కీపర్ కాళ్ళ మధ్యనుంచి బంతి వదిలేశాడు. మావాళ్ళు గేలిచేస్తుంటే ఈయన అవతలి కొసనుంచి మైదానమంతా నడిచి వెళ్ళి, ఒక్క మాట కూడా అనకుండా, ఆ గోల్‌కీపర్ చేతి తొడుగు పట్టీ ఊడిపోతే కట్టి, మళ్ళీ నడుచుకుంటూ వెనక్కొచ్చాడు. ఆ రోజు టీ గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చీట్లు మాత్రం పడ్డాయి. అక్టోబరులో మా చివరి మ్యాచ్ కూడా ఆ జట్టుతోనే పడింది.

సెప్టెంబరులో పాకీ గొంతుకి ఆపరేషన్ అయింది. గుసగుస తప్ప గొంతు రాదన్నారు. టీ గదికి మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. చివరి మ్యాచ్‌కి జట్ల పేర్లు ఎవరు చదవాలన్న మాట వచ్చేసరికి, చెయ్యెత్తి, “లోర్కాన్ చదువుతాడు,” అన్నాడు గుసగుసగా. అందరూ మా వాడివైపు తిరిగారు. వాడి చేతిలో కప్పు ఉంది. చెవులదాకా ఎర్రబడ్డాడు.

“సరే,” అన్నాడు.

ఆ రోజునుంచి నా కంటికి కునుకు లేదు.

కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట మ్యాటీ పోయినప్పుడు, చర్చిలో పూజ జరుగుతుంటే, బైబిల్లోంచి మొదటి పఠనం లోర్కాన్ చదవాలన్నారు. వెళ్ళాడు. రెండు వాక్యాలు చదివాడు. మూడో వాక్యం మధ్యలో ఆగిపోయాడు. వాడి పెదాలు కదలడం లేదు, కళ్ళు కాగితం మీదనుంచి లేవడం లేదు. ఎవరో దగ్గారు. వెనక ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. నేను లేచాను. వెళ్ళి వాడి చేతిలోంచి కాగితం తీసుకుని, భుజం పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మిగతాది ఫాదర్ చదివారు. ఆ తరవాతే వాడు ఇలా అయిపోయాడు. ఎవరి పెళ్ళికీ వెళ్ళడు. పబ్బుకి వెళ్తే మూలన కూర్చుంటాడు. పేర్ల దగ్గర తప్ప గొంతు విప్పడు.

ఇప్పుడు మైకు ముందు అలా ఆగిపోతే? అది ఆకాశమంతా వినపడుతుంది.

వాడు మాత్రం మ్యాచ్ దాకా ఉన్న మూడు వారాలూ వేరే మనిషిలా ఉన్నాడు. ఒకరోజు సాయంత్రం ఫోను పట్టుకుని హాల్లో మెట్ల మీద కూర్చున్నాడు. డబ్లిన్ క్లబ్బువాళ్ళని అడిగి ఆ కెప్టెన్ తల్లి నంబరు సంపాదించాడు.

“ఇంకొక్కసారి అంటారా అండీ,” అంటున్నాడు. “కాదండీ, గకారం ముందొచ్చి బకారం వెనక వస్తోంది నాకు. రెండూ ఒకేసారి రావాలి కదా. ఆ. ఇంకోసారి.”

నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. అవతల ఆవిడ ఏదో అంది. మా వాడు పగలబడి నవ్వాడు. మ్యాటీ పోయాక మా ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదలు.

“అయితే శనివారం మీరూ రండి,” అన్నాడు. “మీరు వింటుండగా చదువుతాను.”

ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చి, “అమ్మా, నువ్వూ అని చూడు. అకింగ్బాడే. గొంతూ పెదాలూ ఒక్కసారే తెరవాలి,” అన్నాడు.

నేను అన్నాను. రాలేదు. వాడు మళ్ళీ నవ్వాడు. ఇంత సంబరంగా ఉన్నవాడు కింద పడితే ఎంత దెబ్బ తగులుతుందో అనిపించింది.

మంగళవారం వాడు పనికి వెళ్ళాక టాన్సీ కొట్టుకి వెళ్ళాను. అతను ఒక్కడే ఉన్నాడు, చేతిలో ఎవరిదో ఎడమ బూటు.

“జెర్రీ, శనివారం వాడిచేత చదివించకు.”

“అదేంటి. ఇంట్లో దంచేస్తున్నాడని పాకీ చెప్పాడే.”

“ఇల్లు వేరు. మ్యాటీ పూజ రోజు నువ్వూ ఉన్నావుగా.”

అతను బూటులోకి చూశాడు. “ఉన్నాను.”

“మళ్ళీ అలా జరిగిందంటే ఇక వాడు గోదాంలోంచి బయటికి రాడు. ఒక్కగానొక్కడు, జెర్రీ.”

“పాకీ ఏమంటాడో.”

“పాకీకి చెప్పకు. నేను వచ్చానని ఎవరికీ చెప్పకు. కమిటీ అనుకుందని చెప్పు.”

“మరి ఎవరు చదువుతారు?”

“నువ్వు చదువు.”

“నాకా పేర్లు నోరు తిరగవు తల్లీ.”

“అట్ట మీద రాసే ఉంటుందిగా. చూసి చదవడమే.”

అతను ఆ బూటు లేసంతా విప్పాడు. చివరికి సరేనన్నాడు. మంచివాడు, ఎవరికీ కాదని చెప్పలేడు.

బుధవారం సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మొదటిసారి కదా, చివరి మ్యాచ్ కదా, కమిటీ అలా అనుకుంది, నువ్వేం అనుకోకు అని. నేను వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

“సరే,” అన్నాడు లోర్కాన్. “పేర్లు రాసిన అట్ట మ్యాచ్ రోజు ఇస్తాను. గుర్తులు ఎలా చదవాలో రేపు కొట్టుకొచ్చి చెబుతాను.”

“అక్కర్లేదులే బాబూ, తంటాలు పడతాను,” అని వెళ్ళిపోయాడు టాన్సీ.

ఆ రాత్రి వాడు భోజనం సగంలో లేచాడు. చిన్నబుచ్చుకున్న కొడుకైనా ఫరవాలేదు, నలుగురిలో తల దించుకున్న కొడుకు వద్దు అని నాకు నేను చెప్పుకున్నాను. చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. టీ కిటికీ పైనే ఒక లౌడ్‌స్పీకర్ ఉంది. మూడుకి పావు తక్కువకి అది గరగరలాడింది. టాన్సీ గొంతు. మా జట్టుని బాగానే చదివాడు. తరవాత అవతలి జట్టు. ఒకటో నంబరు అయింది. రెండో నంబరు దగ్గర “ష్” అని ఆగి, ఊపిరి తీసుకుని, “రెండో నంబరు, మార్చిన్,” అని ఇంటిపేరు వదిలేశాడు. అక్కణ్ణుంచి అదే దారి పట్టాడు. మూడో నంబరు, కానర్. నాలుగో నంబరు, కెప్టెన్. ఐదో నంబరు, ఫలానా.

తప్పు పలికి అవమానించడం కన్నా పలకకపోవడమే మర్యాద అనుకున్నాడు అతను. మాలో చాలామంది అలాగే అనుకుంటారు. నేనూ అంతే.

సగం ఆట అయ్యాక మళ్ళీ లౌడ్‌స్పీకర్ మోగింది. “టీ గది ఈ ఏడాది ఎన్నుకున్న రాబోయే ఐర్లండ్ మేనేజర్, మన అతిథుల జట్టు నాలుగో నంబరు. మంచి కుర్రాడు. గట్టిగా చప్పట్లు కొట్టండి.” కొట్టారు. ఆ పొడుగాయన మైదానం మధ్యకి వచ్చి, పంది తొడని రెండు చేతులా ఎత్తుకుని, జనం వైపు తల వంచి, లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. ఊదారంగు కోటు, తలకి గుడ్డ, చంకలో సంచీ.

“టీ ఇవ్వండి. చక్కెర మూడు చెంచాలు. పాలు తక్కువ వెయ్యండి, మీరు పాలల్లో టీ వేస్తారు.”

ఇచ్చాను. ఆవిడ కప్పు పట్టుకుని తాగకుండా నిలబడింది.

“మీ దగ్గర ఒకబ్బాయి ఉండాలి. ఫోను చేశాడు నాకు. ఇవాళ అతను చదువుతానన్నాడే.”

“మీరు…”

“నాలుగో నంబరు తల్లిని,” అంది. ఆ అనడంలో కోపం లేదు. అదే నాకు బాధైంది. “రాత్రంతా వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీ చేసి, పొద్దున్నే బస్సెక్కి మూడు గంటలు కూర్చుని వచ్చాను. నా కొడుకు పదేళ్ళుగా ఆడుతున్నాడు. ఒక్కోచోట ఒక్కోలా అంటారు, అలవాటైపోయింది. కానీ ఎలా అనాలో ఫోను చేసి అడిగినవాడు ఇతనొక్కడే. నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. మా వాడు చిన్నప్పుడు కూడా అన్నిసార్లు చెప్పించుకోలేదు. ఇవాళ అతనికి ఒంట్లో బాగాలేదా?”

“అబ్బే, అది కాదండీ.” అక్కడితో ఆపవలసింది. ఆవిడ మొహం చూస్తుంటే ఆగలేదు. “వాడు నా కొడుకే. ఇంట్లో బాగానే చదువుతాడు. నలుగురిలో నిలబడితే వాడికి మాట రాదు. ఆగిపోతాడు. అందుకని నేనే వద్దని…”

వెనక కప్పులు చప్పుడయ్యాయి. లోర్కాన్ ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని పక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో నాకు తెలియదు.

ట్రే బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గరికి వచ్చి, నా పక్కనే నిలబడి, ఆవిడ వైపు చూశాడు.

“నాలుగో నంబరు, కెప్టెన్,” అన్నాడు. మైకులో చదివినట్టే, ప్రతి ముక్కా విడివిడిగా. “డామిలారే అకింగ్బాడే.”

ఆవిడ కప్పు కింద పెట్టింది. “ఇంకొక్కసారి.”

మళ్ళీ అన్నాడు.

“అదే,” అంది ఆవిడ. “మా వాడు లోపలున్నాడు. వాడు వినలేదు,” అంది.

లోర్కాన్ తల ఊపాడు. మేకుకి తగిలించిన కోటు తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. రెండో సగం వాడు చూడలేదు. ఆవిడ టీకి డబ్బులు బల్ల మీద పెట్టింది. వద్దన్నాను. “ఉంచండి,” అని వెళ్ళింది.

నేను ఇంటికి వచ్చేసరికి వాడు కోటుతోనే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. దీపం వెయ్యలేదు. నేను వేశాను.

“టాన్సీ దగ్గరికి వెళ్ళావా?”

“వెళ్ళాను.”

“ఎప్పుడు?”

“మంగళవారం.”

“బుధవారం అతను గుమ్మంలో అబద్ధం చెబుతుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు.”

“కుళాయి దగ్గర ఉన్నాను.” ఆ మాట ఎందుకన్నానో తెలియదు. “నీకోసమే, నాయనా. నువ్వు ఆగిపోతే…”

“ఆగిపోతే ఏమవుతుంది?”

“నాన్న పూజ రోజు చూశాను కదా.”

“ఏం చూశావు? నాకు ఏడుపొచ్చింది. మింగుతున్నాను. ఇంకొక్క నిమిషం ఉంటే మిగతాది చదివేవాణ్ణి. ఎక్కడ ఆగానో నా వేలు అక్కడే ఉంది. నువ్వొచ్చి కాగితం లాక్కున్నావు.”

నాలుగేళ్ళుగా ఆ రోజు నేను వాణ్ణి కాపాడాననే అనుకుంటున్నాను.

“ఊళ్ళో ఎవరూ నన్ను చేతకానివాణ్ణని అనలేదమ్మా,” అన్నాడు. “నువ్వు నడుచుకుంటూ వచ్చావు చూడు, అప్పుడు అనుకున్నారు.”

కోపంగా అనలేదు. గోదాంలో ఎన్ని బస్తాలున్నాయో చెప్పినట్టు చెప్పాడు. లేచి పైకి వెళ్ళాడు.

ఆ శీతాకాలం మా ఇంట్లో పేర్లు వినపడలేదు. సీజన్ లేదు కాబట్టి అనుకోవచ్చు. కానీ ఇంతకుముందు సీజన్ లేనప్పుడు కూడా వాడు విదేశీ జట్ల పేర్లు చదువుకునేవాడు. ఇప్పుడు భోజనం చేస్తాడు, ప్లేటు కడుగుతాడు, థాంక్స్ అంటాడు. నేను వాన వచ్చేలా ఉంది అంటే ఊ అంటాడు. ఐర్లండ్‌కి కొత్త మేనేజర్ వచ్చాడని రేడియోలో చెప్పిన రోజు, ఇద్దరం బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నాం. ఏమంటాడో అని చూశాను. రొట్టెకి వెన్న రాసుకున్నాడు. వంటింట్లో గడియారం అంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు ఆ నెలల్లోనే తెలిసింది. మ్యాటీ పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేను. పోయినవాళ్ళ కోసం ఏడవవచ్చు. పక్క గదిలో దగ్గుతున్నవాడి కోసం ఏమని ఏడుస్తాం.

ఫిబ్రవరిలో కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి పది రోజుల ముందు టాన్సీ, పాకీ ఇద్దరూ ఇంటికొచ్చారు. టాన్సీ టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

“నేను ఇక చదవను లోర్కాన్. ఆ మర్నాడు ఆ తల్లికి ఉత్తరం రాయబోయాను. కవరు మీద ఇంటిపేరు రాయడానికి కూడా చెయ్యి ఆడలేదు. నువ్వు చదువు.”

పాకీ గొంతు గుడ్డ సర్దుకుని, “చదవరా,” అని గుసగుసలాడాడు. “లేకపోతే నన్ను చదవమంటారు. మైకు పెట్టినా మొదటి వరసకే వినపడుతుంది.”

లోర్కాన్ బల్ల మీద గోటితో ఒక గీత గీశాడు. “చదువుతాను,” అన్నాడు. “అమ్మ రాకూడదు.”

ఇద్దరూ నా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

“మరి టీ గది?” అన్నాను నేను. అదొక్కటే నోటికొచ్చింది.

“పక్కింటి డింప్నా చూసుకుంటుంది. అడిగాను,” అన్నాడు వాడు. అంటే వీళ్ళు వస్తారని, ఏమడుగుతారో, ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నాడు. ఎన్ని రోజులనుంచో నాకు తెలియదు.

ఆ శనివారం ఒంటిగంటకి బయల్దేరాడు. చలిగాలి కొడుతోంది. గొంతుకి మఫ్లరు చుట్టుకో అనబోయి మానేశాను. వాడు వెళ్ళాక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. మైదానం మా ఇంటికి మైలున్నర దూరం. వెనక తలుపు తెరిచి నిలబడితే పక్కింటి కుక్క, గాలి, అంతే. రెండున్నరకి కూర్చున్నాను. మూడుకి పావు తక్కువ అయ్యేసరికి, నేను లేవాలనుకోలేదు, నా కాళ్ళు వాటంతటవే లేచాయి. వంటింటి మధ్యలో నిలబడి ఉన్నాను, చెయ్యి ముందుకి చాచి. ఎవరి చేతిలోంచి ఏం తీసుకుందామనో. కాసేపటికి కూర్చున్నాను.

ఐదున్నరకి వచ్చాడు. బూట్లు విప్పాడు.

“ఒకటి ఒకటి,” అన్నాడు.

“డ్రా అయితే మంచిదేగా,” అన్నాను.

భోజనం పెట్టాను. తిన్నాడు. వాడి మొహంలో ఏముందో వెతకకుండా ఉండడానికి ఉప్పు డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. ఆ రాత్రి అడగకుండా ఉండడం ప్రసవం కన్నా కష్టమనిపించింది.

మర్నాడు చర్చిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర పాకీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వినడానికి వంగాను.

“ఆగాడు,” అన్నాడు గుసగుసగా.

“ఎక్కడ?”

“పోలాండ్ పేర్లు, నైజీరియా పేర్లు, డొనెగాల్ వాడి పేరు అన్నీ గడగడా చదివాడు. పదో నంబరు దగ్గర ఆగాడు. కెల్లీ అని. చిన్నపిల్లలు కూడా అంటారు ఆ పేరు. అక్కడ ఆగాడు.”

“ఎంతసేపు?”

“పక్కనే ఉన్నాను. పదకొండు లెక్కపెట్టాను.”

“తరవాత?”

“తరవాత కెల్లీ అన్నాడు. పదకొండో నంబరు చదివాడు.” పాకీ గొంతు తడుపుకున్నాడు. “అప్పుడే వాన మొదలైంది. జనం గొడుగులు తెరుచుకుంటున్నారు. ఎవరు పట్టించుకున్నారు.”

నేను అక్కడ ఉంటే మూడు లెక్కపెట్టేలోపు లేచేదాన్ని. ఆ మాట పాకీకి చెప్పలేదు. ఆయనకి తెలుసు. నా చెయ్యి వదిలి, మెట్లు ఒక్కోటీ చూసుకుంటూ దిగి వెళ్ళాడు.

లోర్కాన్ గేటు బయట నా కోసం ఆగి ఉన్నాడు. ఇద్దరం ఇంటికి నడిచాం. వాడు రోడ్డు వైపు, నేను గోడ వైపు.

“పాకీ ఏమన్నాడు?” అన్నాడు స్టేషన్ మలుపు దగ్గర.

“వాన పడిందన్నాడు.”

“ఊ,” అన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం ఒంటిగంటకి వాడు వెళ్తాడు. నేను ఇంట్లో ఉంటాను. రమ్మని వాడు అనలేదు, నేనూ అడగలేదు. అడిగితే బహుశా సరేనంటాడు. అందుకే అడగను.